పడమటి ద్వారానికి కావలి

ఒకానొక రాజ్యం. మన వైపుది కాదు. తూర్పు సముద్రం దాటి వెళితే బర్మా దేశంలో, ఐరావతి నది ఒడ్డున ఉండేది. దాని రాజధాని పదుమపురం, రాజు ఉత్తరసీహుడు. ఆయన చెడ్డవాడేం కాదు. పంట పోయిన ఏడు పన్ను అడిగేవాడు కాదు, ఆకలని వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపేవాడు కాదు. కానీ పున్నమి చంద్రుడికి మచ్చ ఉన్నట్టు ఆయనకూ ఒక పిచ్చి ఉండేది. గొడుగుల పిచ్చి.

ఆ దేశంలో గొడుగును చూసి మనిషి హోదా తెలుసుకుంటారు. మామూలు జనానికి నూనె రాసిన కాగితం గొడుగు. మంత్రులకు ఎర్ర గొడుగు. రాజు మెచ్చి ఇస్తే బంగారు పూత గొడుగు. తెల్లగొడుగు మాత్రం రాజుకు తప్ప ఇంకెవరికీ లేదు. ఇంకెవరైనా పట్టుకుంటే తల తీసేవారు.

ఉత్తరసీహుడికి తెల్లగొడుగులు తొమ్మిది. స్నానానికి వెళ్ళినా తొమ్మిదీ వెంట వెళ్ళేవి. ఏనుగెక్కితే నాలుగు ముందు, నాలుగు వెనక, ఒకటి నెత్తిమీద. ఆ గొడుగుల కింద కూర్చున్నప్పుడు ఆయన ఎవరి కోసమూ మెడ కూడా తిప్పేవాడు కాదు.

ఆయనకు మంత్రి, సేనాపతి ఇద్దరూ ఒక్కడే. పేరు జేయతూ. పొట్టిగా, కాస్త బొజ్జతో, ఎడమ చెవి సగం తెగి ఉండేవాడు. ఆ సగం చెవి పడమటి గుట్టల రాజుతో జరిగిన యుద్ధంలో పోయింది. దాన్ని తలుచుకుని బాధపడేవాడు కాదు. “ఆ వైపు నుంచి చాడీలు సగమే వినిపిస్తాయి, అదీ ఒక లాభమే” అనేవాడు.

జేయతూకు ఒక అలవాటు ఉండేది. ఏ పనైనా ముందు సాధన చేయనిదే చేసేవాడు కాదు. యుద్ధానికి సరే, ఎవరైనా చేస్తారు. ఇతను ఇంటికి చుట్టాలొస్తున్నారంటే వడ్డించేవాళ్ళను వరసగా నిలబెట్టి, ఖాళీ పళ్ళేలతో ఒకసారి తిప్పించేవాడు. “నన్ను పెళ్ళిచూపులు చూడటానికి వచ్చే ముందు మా వీధి కూడా ఒకసారి నడిచి చూసుకున్నారట” అని అతని భార్య మిసో అందరి ముందూ వేళాకోళం చేసేది. అతను కాదనేవాడు కాదు.

కొలువులో ఇతనికి పడనివాడు ఒక్కడే. ఆస్థాన జ్యోతిష్కుడు కవిధజుడు. ఒకప్పుడు సైన్యం ఐరావతి దాటాల్సి వస్తే కవిధజుడు లెక్కలు కట్టి, సాయంత్రం దాటండి, అదే మంచి గడియ అన్నాడు. జేయతూ మధ్యాహ్నమే దాటేశాడు. అవతలి ఒడ్డున శత్రువులు అన్నాలు వండుకుంటున్నారు. యుద్ధం గెలిచిన తరవాత సభలో రాజు, “మరి మంచి గడియ సంగతేమిటి?” అని అడిగితే, “ప్రభూ, వాళ్ళ అన్నం ఉడికే గడియ మనకు మంచి గడియ” అన్నాడు జేయతూ. సభంతా నవ్వింది. కవిధజుడు నవ్వలేదు. ఆ మాట అతని కడుపులో అలాగే ఉండిపోయింది.

యుద్ధాలు అయిపోయాయి. పడమటి గుట్టల రాజు సంధి చేసుకుని వెనక్కి పోయాడు. ఏరు దాటాక తెప్పతో పనేముంది? సేనాపతికి కొలువులో పని తగ్గింది. రాజు మనసు కట్టడాల మీదికి మళ్ళింది. కోటకు పడమటి వైపు కొత్త ద్వారం కట్టించడం మొదలుపెట్టాడు. టేకు దూలాలు, బంగారు పూత, ఏనుగు మీద తొమ్మిది గొడుగులతో వెళ్ళినా పై దూలం తగలనంత ఎత్తు. చుట్టుపక్కల రాజ్యాల్లో అంత ఎత్తు ద్వారం లేదు. దాన్నుంచి రోజూ ఊరేగింపుగా నదికి వెళ్ళి రావాలని ఆయన సంబరం.

మూల స్తంభం నిలబెట్టడానికి గుంట తవ్వాక ఒకనాడు సభలో కవిధజుడు లేచాడు.

“ప్రభూ, కొయ్య కొయ్యే, రాయి రాయే. ద్వారానికి ప్రాణం ఉండాలి. స్తంభం కింద ఒక మనిషిని సజీవంగా పాతిపెడితే వాడు నాట్ అయి ఆ ద్వారాన్ని కలకాలం కాపలా కాస్తాడు. ప్రాణం లేని ద్వారం, తలుపు లేని ద్వారం ఒకటే.”

నాట్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. బలవంతపు చావు చచ్చినవాళ్ళు ఆ చచ్చిన చోటునే అంటిపెట్టుకుని దేవుళ్ళవుతారని అక్కడివాళ్ళ నమ్మకం. మన పోతురాజు లాంటివాళ్ళనుకోండి. చెట్టుకొక నాట్, గట్టుకొక నాట్. కోపం వస్తే పీడిస్తారు, మొక్కితే కాపాడతారు.

“ఎవరిని పాతిపెట్టాలి?” అని అడిగాడు రాజు.

కవిధజుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అతను లెక్క ముందే కట్టుకుని వచ్చాడని జేయతూకు ఎందుకో అనిపించింది. “పడమర గురువారం వాళ్ళ దిక్కు, ప్రభూ. గురువారం పుట్టినవాడు కావాలి. శత్రువుకు ఎన్నడూ వెన్ను చూపనివాడు కావాలి. పిరికివాణ్ణి పాతితే పిరికి నాట్ అవుతాడు.”

సభలో గురువారం పుట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఆ రెండో మాట వినగానే అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. రాజు కూడా మెడ తిప్పాడు. ఆయన మెడ తిప్పడం చూసిన ముసలి మంత్రి ఒకాయన పక్కవాణ్ణి గిల్లాడు.

జేయతూ అంటే రాజుకు ఇష్టమే. కానీ కళ్ళ ముందు ద్వారం కనబడుతోంది. తరవాత ఆయన ముఖం వెలిగింది.

“జేయతూ! ఆలోచిస్తే నీకంటే మంచి కావలి నాకెవడు దొరుకుతాడు? బతికినన్నాళ్ళూ నా కొలువే, చచ్చాక కూడా నా కొలువే. ఎవరికి పడుతుంది ఇంత అదృష్టం?”

“అదృష్టమే, ప్రభూ” అన్నాడు జేయతూ. నిండు సభలో రాజు వరమిచ్చినట్టు మాట్లాడితే వద్దనడం కుదరదు. వద్దంటే తల ఈ రోజే పోతుంది. అవునంటే ముహూర్తం దాకా ఉంటుంది. సేనాపతి గనక ఆ లెక్క అతనికి వెంటనే తట్టింది.

సభ ముగిశాక ఏనుగెక్కి ఇంటి దారి పట్టాడు. సన్నగా వాన పడుతోంది. వెనక ఒక సేవకుడు ఎర్ర గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. జేయతూ బుర్ర పనిచేయడం మానేసింది. ఎన్ని కోటలను ముట్టడించాడో, ఎన్ని ముట్టడులు తప్పించుకున్నాడో! ఇప్పుడు మనిషి లోతు గుంట ఒకటి ముట్టడిస్తే దారి కనబడటం లేదు.

ఊరి చివర దారి పక్కన ఒక ఒంటి తాడిచెట్టు ఉంది. దాని మొదట్లో చిన్న కొయ్య గూడు, గూట్లో ఎర్ర గుడ్డ కట్టిన కొబ్బరికాయ. అది బాయున్ గూడు. బాయున్ బతికున్నప్పుడు కల్లుగీతవాడు. గీసిన కల్లు సగం తనే తాగేవాడు. ఊళ్ళో ఎవడూ అతన్ని లెక్కచేసింది లేదు. ఒకనాడు మోకు తెగి ఆ చెట్టు మీంచి పడి చచ్చాడు. ఆ మర్నాటి నుంచి నాట్ అయిపోయాడు. అప్పటి నుంచి ఆ దారిన పోయే ఎవరైనా సరే, బండి దిగాలి, గొడుగు ముడవాలి, చెప్పులు చేతబట్టుకుని గూడు దాటాలి. లేకపోతే ఇరుసు విరుగుతుందనీ, ఎద్దు కుంటుతుందనీ జనం భయం.

ఏనుగు తనంతట తానే ఆగి మోకరిల్లింది. దానికీ అలవాటే. మావటివాడు దిగాడు. సేవకుడు ఎర్ర గొడుగు ముడిచాడు. జేయతూ వానలో బురదలోకి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడవబోయాడు. చిన్నప్పటి నుంచీ ఇలాగే దిగుతున్నాడు. ఏనాడూ ఎందుకని అనుకోలేదు. ఈ రోజు రెండడుగులు వేసి ఆగిపోయాడు.

“ఒరేయ్, మహారాజు సవారీ ఈ దారిన ఎందుకు రాదు?” అని మావటివాణ్ణి అడిగాడు.

మావటివాడు వింతగా చూశాడు. “మీకు తెలియంది ఏముంది దొరా! ప్రభువులవారు అదుగో ఆ పొలాల మీదుగా వేరే బాట వేయించుకున్నారు గదా. ఇక్కడ దుమ్మంట.”

“వానాకాలంలో కూడానా?”

మావటివాడు నవ్వు ఆపుకుని తల వంచుకున్నాడు. జేయతూ బాయున్ గూటి వైపు తిరిగి, తడుస్తూనే కాసేపు నిలబడ్డాడు. తరవాత చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. రోజూ పెట్టే దణ్ణం కంటే అది కాస్త పెద్దది.

ఇంటికి వెళ్ళేసరికి కబురు అతనికంటే ముందు వెళ్ళింది. మిసో గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. అయినా అతన్ని చూడగానే మాట అందుకుంది.

“ఎలుక బొరియలోకి పోతున్నారా?” అన్నది. గురువారం వాళ్ళకు అక్కడ ఎలుక గుర్తు.

“పిలుపొచ్చింది మరి.”

“చచ్చి నాట్ అయితే జనం మీకేం పెడతారో తెలుసా? కొబ్బరికాయలు. రోజూ కొబ్బరికాయలే. కొబ్బరి వాసన సోకితే చాలు, పక్క గదిలోకి పారిపోతారు మీరు. కలకాలం దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎట్లా కూర్చుంటారండీ?” అని, నవ్వబోయి మళ్ళీ ఏడ్చింది.

జేయతూ ఆమె పక్కన చతికిలబడ్డాడు. యుద్ధానికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఇలాగే గుమ్మంలో కూర్చునేది. కానీ ఏనాడూ ఏడవలేదు. ఆమెను వదిలి పోవడం తనకు ఇష్టం లేదని అతనికి ఆ క్షణాన తెలిసినంత బాగా ఎన్నడూ తెలియలేదు.

“మిసో, నాకు చావాలని లేదు” అన్నాడు. “ఒక దారి దొరికినట్టే ఉంది. అది పారితే ఇద్దరం కలిసి అన్నం తింటాం. పారకపోతే నన్ను రేపే పాతేస్తారు. ఇప్పుడు ఒక మంచి కొబ్బరికాయ తెప్పించి ఉంచు.”

“ఎవరికి?”

“పని కానీ, చెబుతాను.”

మర్నాడు పొద్దున్నే రాజు దర్శనానికి వెళ్ళాడు. కవిధజుడు కూడా అక్కడే ఉన్నాడు.

“ప్రభూ, కావలి ఉద్యోగం ఒప్పుకున్నాను. కానీ సాధన లేకుండా నేను ఏ పనీ చేయనని తమకు తెలుసు. చచ్చాక నాకు నోరుండదు. తప్పు చేస్తే దిద్దేవాళ్ళూ ఉండరు. నోరున్నప్పుడే ద్వారం దగ్గర ఒకసారి సాధన చేసుకుంటాను. గుంట పక్కన నాట్‌లాగా కూర్చుంటాను. జనం వస్తూ పోతూ ఉంటారు. తమరు కూడా సవారీతో దయచేయాలి.”

రాజుకు సరదా వేసింది. ఊరేగింపు అంటే ఆయనకు ఎప్పుడూ ఇష్టమే. “సరే, వస్తాను.”

“ఇంకొక్క మనవి. సాధనలో ఏం జరిగినా అది సాధనే. అందులో కనబడినదానికి ఎవరికీ శిక్ష ఉండకూడదు.”

“ఆటలో శిక్షలేమిటి? మాట ఇచ్చాను” అన్నాడు రాజు.

మధ్యాహ్నానికల్లా పడమటి ద్వారం దగ్గర జాతర మాదిరి జనం చేరారు. వాన తగ్గలేదు. తవ్విన గుంట పక్కన పీట వేసుకుని, నెత్తికి నాట్‌లకు కట్టే ఎర్ర గుడ్డ కట్టుకుని, జేయతూ కూర్చున్నాడు. ఎవరు పలకరించినా పలకలేదు. నాట్ మాట్లాడకూడదు కదా.

మొదట ఒక రైతు బండి వచ్చింది. జేయతూ చెయ్యి అడ్డం పెట్టాడు. రైతుకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఎర్ర గుడ్డ చూడగానే దిగి, గొడుగు ముడిచి, ఎద్దులను పగ్గం పట్టుకుని నడిపించుకుపోయాడు. తరవాత చేపలు అమ్మే ఆడవాళ్ళు. గంపలు దించి దణ్ణం పెట్టి దాటారు. ఒకామె గంపలోంచి చిన్న చేప తీసి అతని కాళ్ళ దగ్గర పెట్టింది కూడా.

తరవాత పల్లకీలో కవిధజుడు వచ్చాడు. జేయతూ చెయ్యి చాపకముందే కిందికి దిగాడు. తన శాస్త్రాన్ని తనే గౌరవించకపోతే ఎవరు గౌరవిస్తారు? “చూడండి! చూసి నేర్చుకోండి! నాట్ ఎదుట ఎంతటివాడైనా ఇలా దిగవలసిందే, గొడుగు ముడవవలసిందే!” అని జనానికి వినబడేలా అరిచి, గొడుగు ముడిచి, చెప్పులు విప్పాడు. రెండో అడుగులో బురదలో కాలు జారింది. ఇద్దరు బోయీలు పట్టుకున్నారు గనక పడలేదు. తడిసి ముద్దయినా తృప్తిగా అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

అప్పుడు భేరీ మోగింది. నదికి వెళ్ళి తిరిగొస్తున్న రాజు సవారీ వచ్చింది. నాలుగు గొడుగులు ముందు, నాలుగు వెనక, ఒకటి నెత్తిమీద. ఏనుగు ద్వారం దగ్గరికి వచ్చింది. జేయతూ చెయ్యి అడ్డం పెట్టాడు.

ఏనుగు ఎర్ర గుడ్డ చూసి ఆగి, మోకరిల్లబోయింది. రాజు తూలి, అంబారీ అంచు పట్టుకున్నాడు. మావటివాడు అంకుశంతో దాన్ని లేపాడు.

“ఏమిటిది?” అన్నాడు రాజు.

జేయతూ మాట్లాడలేదు. చేత్తో గొడుగుల వైపు చూపి, నేల వైపు చూపాడు. ముడవాలి, దిగాలి.

రాజు ముఖం ఎర్రబడింది. కాళ్ళ కింద బురద కనబడుతోంది. ఆ బురదలో, వట్టి కాళ్ళతో, నెత్తిన గొడుగు లేకుండా, చేపలవాళ్ళు చూస్తుండగా దిగడమా? ఈ రోజు కాదు, ఈ ద్వారం ఉన్నన్నాళ్ళూ, రోజూ!

“నేను రాజును!” అన్నాడు.

కవిధజుడు పరుగెత్తుకొచ్చాడు. “ప్రభువులకు మినహాయింపు ఉంది! తమరి గొడుగులు ముడవనక్కరలేదు. నాట్ తమరిని అడ్డుకోదు.”

జేయతూ జ్యోతిష్కుడి వైపు చూశాడు. అలాగే అన్నట్టు తల ఊపి చెయ్యి దించేశాడు. రాజు ఏనుగు మీదే ద్వారం దాటి కోట లోపలికి వచ్చాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు.

అంతలో కోట బయటి నుంచి మరో భేరీ మోగింది. పడమటి దారిలో ఇంకో ఏనుగు వస్తోంది. దాని మీద కిరీటం పెట్టుకుని ఒకడు దర్జాగా కూర్చున్నాడు. చుట్టూ తొమ్మిది తెల్లగొడుగులు. కాస్త దగ్గరికి వచ్చాక తెలిసింది, ఆ కిరీటం తోలుబొమ్మలాట వాళ్ళది. గొడుగులు కాగితపువి, వాటికి సున్నం కొట్టారు. వానకు సున్నం కరిగి కింద కూర్చున్నవాడి ముఖం మీద చారలుగా కారుతోంది. వాడు జేయతూ ఉపసేనాని ఫోతా. అయినా మీసం మెలేస్తూనే ఉన్నాడు.

“పడమటి గుట్టల మహారాజు వేంచేస్తున్నారహో!” అని ముందు నడిచేవాడు కేక పెట్టాడు.

ఏనుగు ద్వారం దగ్గరికి వచ్చింది. జేయతూ గొడుగుల వైపు చూశాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. చేతులు జోడించి, పక్కకు ఒదిగి, దారి ఇచ్చాడు. ఫోతా దర్జాగా కోట లోపలికి వచ్చి రాజు ఏనుగు పక్కన నిలిచాడు. వెనక వాడి భటులు, కర్రలు కత్తుల్లా పట్టుకుని, బిలబిలమంటూ లోపలికి దూరారు.

“జేయతూ!” రాజు గర్జించాడు. “శత్రువును కోటలోకి వదిలేశావు!”

జేయతూ నెత్తి మీది ఎర్ర గుడ్డ విప్పాడు. ఇక మాట్లాడొచ్చు. పీట మీంచి లేచాడు. రాజు మావటివాడి అంకుశం లాక్కుని ఎత్తాడు, ఏనుగు మీది నుంచి అది తన తల దాకా వస్తుందని జేయతూకు తెలుసు.

“ప్రభూ, నాకేం తెలుసు? నేను పాతిపెట్టిన కావలిని. నాకు కళ్ళు లేవు, నోరు లేదు. దిగనివాణ్ణి ఆపడం ఒక్కటే నా పని. ఏనుగు దిగకుండా, తెల్లగొడుగులు ముడవకుండా వచ్చేవాడు రాజు, వాణ్ణి ఆపొద్దు అని ఇప్పుడే జ్యోతిష్కులవారు ఆజ్ఞ ఇచ్చారు. పడమటి నుంచి దండెత్తి వచ్చేవాడు కూడా రాజే గదా. అతనూ ఏనుగెక్కే వస్తాడు. అతనూ గొడుగులు ముడవడు.”

“నాట్‌కు తన రాజు ముఖం తెలుస్తుంది!” అని కవిధజుడు అరిచాడు. “మిగతా రాజులను ఆపుతుంది, మన ప్రభువును వదిలేస్తుంది!”

జేయతూ ఎదురుచూస్తున్న మాట అదే.

“నిజమేనంటారా? మరి తాడిచెట్టు బాయున్ మన ఊరివాడే. మన ప్రభువుల ఉప్పు తిన్నవాడే. ప్రభువుల ముఖం అతనికి తెలియదా? తెలిసి వదిలేసేవాడైతే,” అంటూ రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు, “మహాప్రభూ, క్షమించాలి. తమరి సవారీ బాట ఆ తాడిచెట్టు దగ్గరికి రాగానే పొలాల్లోకి ఎందుకు మళ్ళిందో జ్యోతిష్కులవారే చెప్పాలి.”

దుమ్ము అనడానికి కవిధజుడు నోరు తెరిచాడు. మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ఉన్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

రాజు అంకుశం పట్టుకున్న చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. ఆ కాసేపూ జేయతూకు ఒక యుగంలా గడిచింది. మిసో ముఖం కళ్ళ ముందు కదిలింది.

“పోనీ, నిన్ను వద్దు” అన్నాడు రాజు మెల్లగా. “మరెవరినైనా పాతిస్తే?”

“ఎవరిని పాతినా నాట్ నాటే ప్రభూ. నన్ను పాతితే సేనాపతి ముందు దిగుతారు. వంటవాణ్ణి పాతితే రోజూ వంటవాడి ముందు దిగాలి. ఆలోచిస్తే నేనే కాస్త నయం.”

రాజు కింది బురద వంక చూశాడు. పక్క ఏనుగు మీద సున్నం చారలతో, ఇంకా మీసం మెలేస్తున్న ఫోతా వంక చూశాడు. ఆయన మీసాలు అదిరాయి. ముందు ముక్కుతో, తరవాత నోటితో, ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏనుగు కూడా ఊగింది. జనానికి ధైర్యం వచ్చి వాళ్ళూ నవ్వారు.

“ఒరేయ్ ఫోతా, ముందు నువ్వు దిగు. నా కంటే దర్జాగా కూర్చున్నావు” అన్నాడు రాజు. “జేయతూ, బతికుండగానే ఇంత ఏడిపిస్తున్నావు. చచ్చి నాట్‌వైతే నా గతేం కాను! నువ్వు బతికే ఉండు. ఇప్పుడు చెప్పు, ఈ ద్వారాన్ని ఎవరు కాయాలి?”

“బతికున్నవాళ్ళు, ప్రభూ. నా దగ్గర మంచి భటులున్నారు. శత్రువు వస్తే ఆపుతారు. తమరు వస్తే లేచి నిలబడతారు. తమను దిగమని ఏనాడూ అడగరు.”

“బాగుంది. నీకేం కావాలో కోరుకో.”

“ఆ గుంటలో మనిషిని పెట్టకుండానే పూడ్పించండి. ఇకమీదట మన రాజ్యంలో ఏ గుమ్మం కిందా, ఏ గోడ కిందా మనిషిని పెట్టకూడదని ఆజ్ఞ ఇవ్వండి.”

రాజు సరేనన్నాడు. అక్కడికక్కడే దండోరా వేయించాడు. జనం వానను మరిచి కేకలు పెట్టారు. “అది రాజ్యానికి. మరి నీకేదీ?” అని, బంగారు పూత గొడుగు ఒకటి తెప్పించి స్వయంగా జేయతూ చేతికిచ్చాడు.

కవిధజుడు మాత్రం ఊరుకోలేకపోయాడు. “కనీసం శాంతికైనా ఆ గుంటలో ఒక నూనె కుండ పెట్టించండి ప్రభూ, దేవత ఆవహిస్తుంది” అని గొణిగాడు.

“పెట్టించండి” అన్నాడు రాజు వెంటనే. “నాకు అందులో దేవత కనబడదు గనక నేను దిగను. మీకు కనబడుతుంది గనక మీరు దిగండి. రోజూ.” రాజు మాటంటే మాటే. ఆ తరవాత వానాకాలమంతా కవిధజుడు పల్లకీ దిగి, గొడుగు ముడిచి, తడుస్తూ ఆ నూనె కుండకు దణ్ణం పెట్టి పోతుంటే, కాపలా భటులు లోపల పొడిగా నిలబడి చూసేవారు.

సాధన జరిగిన ఆ సాయంత్రమే జేయతూ ఇంటి నుంచి మిసోను వెంటబెట్టుకుని ఊరి చివరికి వెళ్ళాడు. తాడిచెట్టు దగ్గర ఏనుగు మోకరిల్లింది. కొత్త బంగారు గొడుగు ముడిచి, చెప్పులు విప్పి, వానలో ఇద్దరూ గూటి ముందు నిలబడ్డారు. మిసో చెంగులోంచి కొబ్బరికాయ తీసింది.

“ఇది ఇతనికా?” అన్నది ఆశ్చర్యంగా. “ఈ తాగుబోతు మీకేం చేశాడు?”

“సభలో ఉన్న ఇంతమంది పండితుల్లో ఎవరూ ఇవ్వని సలహా ఇచ్చాడు” అన్నాడు జేయతూ. కొబ్బరి వాసన తగలకుండా ముక్కు మూసుకుని కాయ గూట్లో పెట్టాడు. పక్కన ఒక లొట్టి తాటికల్లు కూడా పెట్టాడు, ఎందుకంటే బాయున్ ఇష్టం అతనికి తెలుసు.

వెనక్కి తిరిగేసరికి పొలాల మీది రాజబాట వైపు నుంచి అలికిడి వినిపించింది. తొమ్మిది గొడుగులూ ఆ మలుపు దగ్గర ఆగి ఉన్నాయి. అవి అక్కడే ఉన్నాయి గానీ, వాటి కిందివాడు లేడు. రాజు ఒక్కడే, చెప్పులు చేత్తో పట్టుకుని, నెత్తిన ఏమీ లేకుండా, బురదలో జారుకుంటూ తాడిచెట్టు వైపు నడిచి వస్తున్నాడు. ఆయన రెండో చేతిలో కూడా ఒక లొట్టి ఉంది.